కందిరీగల మిద్దెలు

ఆ వసంతంలో మా తమ్ముడు జవాద్‌ను స్టేడియం గేటు దగ్గర పోలీసులు పట్టుకుపోయినప్పుడు అమ్మ వంటింట్లో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. ఎదురింటి మహ్జూబా ఆయాసపడుతూ వచ్చి కబురు చెప్పింది. మహ్జూబా వీధి మొగలో నూనె గారెలు వేసి అమ్ముతుంది. చేతికి పిండి అలాగే ఉంది.

అమ్మ తల ఎత్తలేదు. "కొట్టారా?"

"కొట్టలేదు. లాక్కెళ్ళి వ్యాన్‌లో పడేశారు. ఇంకా చాలామందిని పట్టుకున్నారు."

"చొక్కా మీద ఉన్ని కోటు ఉందా?"

"గుర్తు లేదు రఖియా."

"సాయంత్రానికి చలి వేస్తుంది వాడికి," అని అమ్మ మళ్ళీ బఠాణీల మీద పడింది. అయితే గింజలు తొక్కల గిన్నెలోకీ, తొక్కలు గింజల గిన్నెలోకీ వెళ్తున్నాయి. నేను చూశాను.

మా అమ్మకు ఫుట్‌బాల్ అంటే పడదు. మా వంటింటి గోడా, ఖర్రూబ స్టేడియం గోడా ఒకటే. పెళ్ళై ఈ ఇంటికొచ్చిన నాటి నుంచీ ఆదివారం ఆదివారం ఆ గోడ అవతల నుంచి పాటలు, డప్పులు, ఈలలు. గోలు పడిందంటే అలమరలో టీ గ్లాసులు గలగలలాడతాయి. ఆమె మా జట్టునూ పైఊరి నుంచి వచ్చిన పైజట్టునూ కలిపి ఒకే తిట్టు తిట్టి గ్లాసులు సర్దుకుంటుంది. నాన్న బతికి ఉన్నప్పుడు ఆయనతో, ఆయన పోయాక జవాద్‌తో, ఆమెకు ఈ ఆట గురించి తగవు తెగలేదు. ఒక్కనాడూ ఆ గేటు దాటి లోపలికి వెళ్ళలేదు.

జవాద్ చేసిన నేరం పాట పాడించడం. ఖర్రూబ తూర్పు మెట్లను ఫ్రెంచివాళ్ళ కాలంలో రేవు కూలీలు కట్టుకున్నారు. దొరల మైదానంలో వాళ్ళను ఆడనిచ్చేవారు కాదు. ఖాళీ ఓడలు బరువు కోసం వేసుకొచ్చి రేవులో పారబోసిన రాళ్ళను, పని దిగాక వీపుల మీద మోసుకొచ్చి పేర్చారు. మా తాత వీపు కూడా అందులో ఉంది. ఆ మెట్ల మీద నిలబడే వాళ్ళను పట్నమంతా కందిరీగలంటారు, చొక్కాలు పసుపూ నలుపూ కాబట్టి, ముట్టుకుంటే కుడతారు కాబట్టి. వాళ్ళకు పాట ఎత్తిచ్చేవాడు మా జవాద్. పాట ఎత్తేవాడు కమ్మీ మీదెక్కి జనం వైపు తిరిగి నిలబడాలి, ఆటకు వీపు పెట్టి. అందుకని మా వాడు కొన్నేళ్ళుగా స్టేడియంలోనే ఉండి ఒక్క గోలూ కళ్ళారా చూడలేదు.

అంతకు ముందు చలికాలంలోనే పుకారు మొదలైంది. స్టేడియం స్థలం ఎవరికో హోటలు కట్టుకోవడానికి ఇచ్చేశారట. ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, అడిగితే ఎవరూ చెప్పరు. దాంతో ఆ ఆదివారం కందిరీగలు ఆట రెండో సగమంతా జట్టు పాటలు మానేసి ఒకే ప్రశ్న పాడారు.

"ఈ మెట్లు ఎవరు కట్టారు? మా తాతల వీపులు కట్టాయి.
ఈ మెట్లు ఎవరమ్మారు? చెప్పండి, పేరు చెప్పండి."

పెద్దవాళ్ళు కూర్చునే నీడపట్టు వైపు చేతులు చాపి పాడారు. అంతే. ఆట అయిపోయి బయటికొస్తుంటే గేటు దగ్గర వ్యాన్లు సిద్ధంగా ఉన్నాయి.

వారం గడిచాక జవాద్ ఇంటికొచ్చాడు. గుండు కొట్టించారు. మనిషి సగమయ్యాడు. రెండేళ్ళ పాటు ఏ స్టేడియంలోనూ అడుగు పెట్టకూడదు. ఖర్రూబ జట్టు ఆడిన ప్రతిసారీ, ఆట మొదలవక ముందు నుంచి అయిపోయేదాకా, మా వీధి చివరనున్న పోలీసు స్టేషన్‌లో బల్ల మీద కూర్చోవాలి. ఈలోగా మళ్ళీ ఏ గొడవలో పేరు వినపడినా జైలే.

అమ్మ వాడికి హరీరా పోసింది. మా పేటలో పస్తులున్నవాడికీ, జబ్బుపడి లేచినవాడికీ శనగలేసిన ఆ చిక్కటి చారే పోస్తారు. వాడు గిన్నె రెండు చేతులతో పట్టుకుని తాగాడు.

"ఇక పాటలు చాలు," అంది అమ్మ.

"చాలు," అన్నాడు వాడు.

అంత తొందరగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. పోట్లాడ్డానికి ఇంకా ఏవో మాటలు సిద్ధం చేసుకుని ఉన్నట్టుంది.

మర్నాడు బువాజ్జా వచ్చాడు. బువాజ్జా మా పేటకు ముకద్దం, అంటే ఎవరింట్లో ఏం ఉడుకుతోందో సర్కారుకు వాసన చేరవేసే మనిషి. వచ్చి గడపలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"రఖియక్కా, తూర్పు మెట్లకు పగుళ్ళొచ్చాయని ఇంజినీర్లు తేల్చారు. ఈ సీజన్‌లో మిగిలిన ఆటలన్నీ జనం లేకుండానే. గేట్లు మూసేస్తారు."

"మంచిది. నా గ్లాసులు బతుకుతాయి."

"ఇంకో మాట. స్టేడియం చుట్టూ ఉన్న మిద్దెలకు ఆట రోజుల్లో తాళం వేయాలి. తాళం చెవులు నా దగ్గర ఉంటాయి. మీ మిద్దె మరీ దగ్గర."

మా మిద్దె మీద నిలబడితే సగం మైదానం కనిపిస్తుంది. ఇటు వైపు గోలు పూర్తిగా, అటు వైపు గోలు అసలు లేదు. నాన్న ఉన్నప్పుడు టిక్కెట్టుకు చాలనివాళ్ళంతా అక్కడే.

"నా మిద్దెకు నీ తాళమేమిటి?" అంది అమ్మ.

బువాజ్జా లోపలున్న జవాద్ వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "నేనడగడం లేదక్కా, పైవాళ్ళు అడుగుతున్నారు. కుర్రాడి కాగితాలు ఇంకా బల్ల మీదే ఉన్నాయి."

జవాద్ లోపల్నుంచే అన్నాడు. "ఇచ్చెయ్యమ్మా."

అమ్మ గోడ మేకుకున్న తాళం చెవి తీసి బువాజ్జా చేతిలో పెట్టింది. పెట్టిన చేతిని పావడాకు తుడుచుకుంది.

ఆ తర్వాతి ఆదివారం ఆట జరిగింది. జవాద్ మధ్యాహ్నం భోజనం కాగానే లేచి స్టేషన్‌కు వెళ్ళాడు. నేను హమ్మాంలో, మా పేట ఆవిరి స్నానాల ఇంట్లో, ఒళ్ళు రుద్దే పని చేస్తాను, ఆ రోజు సెలవు. అమ్మా నేనూ వంటింట్లో రొట్టెలు మడిచి కాలుస్తున్నాం.

ఈల వినిపించింది. తర్వాత బంతి చప్పుడు. ధబ్. కాసేపటికి మళ్ళీ ధబ్. "ఇటు, ఇటు," అని ఎవరో ఆటగాడు అరిచిన అరుపు. ఆ అరుపు ఖాళీ మెట్లకు తగిలి తిరిగొచ్చింది. గోడ అవతల ఇంతమంది మనుషులు పరుగెడుతున్నారు, వాళ్ళ బూట్ల కింద గడ్డి చిరిగే చప్పుడు కూడా వినిపిస్తుందేమో అనిపించింది. ఇంకేమీ లేదు.

అమ్మ చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. పెనం పొగలు కక్కుతోంది.

"ఏమిటే ఇది?" అంది.

"ఆటమ్మా."

"ఇది ఆటా? చావింట్లో కూడా నలుగురు ఏడుస్తారు."

పైజట్టు గోలు కొట్టినట్టుంది. వాళ్ళ ఆటగాళ్ళు నలుగురైదుగురు అరిచారు, వెంటనే సిగ్గుపడ్డట్టు ఆపేశారు. అలమరలో గ్లాసులు కదల్లేదు. అమ్మ వాటి వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మాడిన రొట్టె తీసి పక్కన పెట్టి, పొయ్యి ఆర్పి, పడమటి గదిలోకి వెళ్ళి పడుకుంది. పగటి పూట అమ్మ పడుకోవడం నేను చూడలేదు అంతవరకూ.

సాయంత్రం జవాద్ వచ్చాడు. ఆట ఎంతైందని ఎవరూ అడగలేదు.

బుధవారం నాడు అమ్మ ఇంట్లో ఉన్న బట్టలన్నీ ఉతికింది. ఉతికినవీ ఉతికింది. ఆ తడి బట్టల తొట్టి నెత్తిన పెట్టుకుని, నన్ను రమ్మని, నేరుగా కూడలిలోని కాఫీ హోటలుకు నడిచింది. అది మగవాళ్ళు కూర్చునే చోటు. బువాజ్జా అక్కడ నీడలో పుదీనా టీ తాగుతూ ఉన్నాడు.

"నాయనా బువాజ్జా, నా మిద్దె తాళం చెవి ఇవ్వు. బట్టలు ఆరేసుకోవాలి."

"ఆట రోజుల్లోనే కదక్కా తాళం. ఈ రోజు..."

"ఈ రోజు నీ దగ్గరే ఉంది కదా."

"సాయంత్రం పంపిస్తాను."

"సాయంత్రం ఎండ కూడా పంపిస్తావా?"

అమ్మ తొట్టి దించింది. జవాద్ లోపలి చొక్కా ఒకటి తీసి పిండి, దులిపి, బువాజ్జా పక్కనున్న ఖాళీ కుర్చీ వీపు మీద ఆరేసింది. తర్వాత లాగు. తర్వాత తన పొడవాటి పావడా. హోటలు వాడు అడ్డం రాబోయి, ఆమె మొహం చూసి వెనక్కి తగ్గాడు. చదరంగం ఆడుతున్న ముసలాళ్ళు మర్యాదగా గళ్ళ పలక కొంచెం జరిపి చోటిచ్చారు. నీళ్ళు బువాజ్జా బూట్ల మీద పడుతున్నాయి.

"రఖియక్కా, జనం చూస్తున్నారు."

"చూడనీ. నీ సున్తీ రోజున నువ్వు పక్క తడిపితే ఆ దుప్పటి ఉతికిందీ నేనే. అప్పుడూ జనం చూశారు."

చదరంగం బల్ల దగ్గర ఎవరో టీ మింగబోయి దగ్గారు. బువాజ్జా జేబులోంచి తాళం చెవుల గుత్తి తీశాడు. మాది వెతికి ఇచ్చాడు. ఇంకెప్పుడూ అమ్మ అది మేకుకు తగిలించలేదు. తలగుడ్డ అంచున కట్టుకుంది.

అదే శుక్రవారం ఆమె హమ్మాంకు వచ్చింది. మా హమ్మాం యజమానురాలు హాజ్జా గన్నూ. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆడవాళ్ళకే. అక్కడికి ముకద్దమూ రాడు, ఇన్‌స్పెక్టరూ రాడు, సర్కారుకు ముక్కు ఎంత పొడవున్నా ఆ తలుపు దాటి లోపలికి రాదు. వేడి గదిలో ఆవిరి మధ్య, నల్ల సబ్బు పులుముకుని కూర్చున్న ఆడవాళ్ళ ముందు అమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఆఖరి ఆట ఎప్పుడు?" అని అడిగింది.

"మూడు వారాల్లో," అన్నాను. "కాసాబ్లాంకా జట్టుతో. గెలవకపోతే కింది విభాగానికి పోతాం."

"ఆ రోజు నేను దుప్పట్లు ఉతుకుతున్నాను. మీరెవరైనా ఉతుకుతారా?"

మహ్జూబాకు ముందుగా అర్థమైంది. "ఏ రంగు దుప్పట్లు?"

"పసుపు. నలుపంటే, మనం పైన తొడుక్కునే జెల్లాబాలు ఎలాగూ ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి."

"నా ఇంట్లో పసుపు దుప్పట్లు లేవే."

"అందుకే కదా కాగులున్న చోటికి వచ్చాను," అంది అమ్మ హాజ్జా గన్నూ వైపు తిరిగి.

హాజ్జా గన్నూ మక్కా వెళ్ళొచ్చిన మనిషి. పిరికిదని పేరు. కాగులూ కొలిమీ ఆమెవే. ఆమె చాలాసేపు నీళ్ళు పోసుకుంటూ ఉండిపోయింది. "నా హమ్మాం మూయిస్తారు రఖియా," అంది చివరికి.

"మూయించొచ్చు."

"నా మొగుడు ఆ మెట్ల మీద నుంచే నన్ను మొదట చూశాడు. మా అమ్మమ్మ మిద్దె మీద జొన్నలు ఎండబోస్తుంటే. ఆ రోజు ఆట కూడా చూడలేదంట వెధవ." ఇంకో చెంబు పోసుకుంది. "పెద్ద కాగు తీసుకోండి. చిన్నదానికి అడుగు పోయింది."

జెండాలు పట్టుకుంటే పట్టుకుపోతారు. రాతలుంటే చింపేస్తారు. దుప్పటి మీద ఒక్క అక్షరం లేకపోతే ఏ చట్టం కింద రాసుకుంటారు? అదీ అమ్మ లెక్క. హమ్మాం నుంచి ఆ మాట తడి జుట్ల మీద తువ్వాళ్ళు చుట్టుకుని ఇంటింటికీ వెళ్ళింది.

ఇంట్లో జవాద్ కూడా విన్నాడు. విని అన్నం ముందు నుంచి లేచాడు.

"నన్ను లోపలేయించాలని ఉందా నీకు? నువ్వు ఏం ఆరేసినా వాళ్ళు నా పేరే రాసుకుంటారు."

"రాసుకుంటారు," అంది అమ్మ.

"ఇన్నేళ్ళూ మానెయ్యరా, మానెయ్యరా అని నా ప్రాణం తీశావు. మానేశాక మొదలుపెట్టావా?"

అమ్మ వాడి పళ్ళెం మళ్ళీ ముందుకు జరిపింది. "నువ్వు మానెయ్యడం వేరు. వాళ్ళు నోరు నొక్కితే మానడం వేరు. జైలుకెళ్ళేది నువ్వు. వద్దంటే చెప్పు, తెల్ల దుప్పట్లు తెల్లగానే ఉంటాయి. నీ మీద ఒట్టు, ఆ మాట మళ్ళీ ఎత్తను."

జవాద్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. గుండు మీద వెంట్రుకలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి, అక్కడ చేత్తో రాసుకున్నాడు. మా ముగ్గురి పళ్ళేలూ చల్లారిపోయాయి. ఎంతకీ తిరగలేదు. నేను గిన్నెలు తీయబోతున్నాను.

"రంగు నీళ్ళలో ఉప్పు వేయండి," అన్నాడు బయటికే చూస్తూ. "లేకపోతే రెండో ఉతుక్కి వెలిసిపోతుంది. నేనూ కుర్రాళ్ళూ మొదటి జెండా అలాగే పాడుచేశాం."

ఆఖరి ఆదివారం పొద్దున్నే గాలి సముద్రం వైపు నుంచి వచ్చింది. మంచి గాలి. జవాద్ శుభ్రంగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టేషన్‌కు బయల్దేరాడు. గుమ్మంలో అమ్మ చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు, పండగ నాడు పెట్టుకున్నట్టు.

మొదటి ఈల పడేదాకా ఆగాం. తర్వాత స్టేడియం చుట్టూ, అమ్మలాగే ఏదో వంకతో తాళం చెవి వెనక్కి తెచ్చుకున్నవాళ్ళ మిద్దెల తలుపులు ఒకటొకటిగా తెరుచుకున్నాయి. తాళం చెవి బువాజ్జా దగ్గరే ఉన్న ఇళ్ళవాళ్ళు పక్క మిద్దెల నుంచి పిట్టగోడలు దాటి వచ్చారు. హాజ్జా గన్నూను ఇద్దరం కలిసి ఎత్తి దాటించాం. తొట్లు దింపాం. పసుపు దుప్పట్లు, నల్ల జెల్లాబాలు, మళ్ళీ పసుపు. తాళ్ళ మీదా, పిట్టగోడల మీదా, టీవీ కమ్మీల మీదా. గాలికి అవి నిండుగా లేచి, తెరచాపల్లా పటపటమన్నాయి. ఆ మిద్దె నుంచి ఈ మిద్దెకు, ఈ మిద్దె నుంచి ఆ మూలకు, మైదానం చుట్టూ ఖర్రూబ రంగు కట్టినట్టయింది.

ఆట ఒక క్షణం నిలిచిపోయింది. మా వైపు గోలు కాసే కుర్రాడు మెడ ఎత్తి చూసి, చేతి తొడుగులు రెండూ పైకెత్తాడు. కింద పోలీసులు కూడా తలలెత్తారు. నీడపట్టులో ఉన్న పెద్దమనుషులు లేచి నిలబడ్డారు.

అందరం నిలబడ్డాం. తర్వాతేం చేయాలో ఎవరికీ తెలియదు. పాట ఎత్తేవాడు స్టేషన్‌లో ఉన్నాడు. పెళ్ళిళ్ళలో వేసే కూతలు వేశాం కాసేపు, అవి గాలికి చెదిరిపోయాయి.

అప్పుడు నా పక్కన ఎవరో సన్నగా పాడటం వినిపించింది. జట్టు పాత పాట, రేవు కూలీలది, రాళ్ళు మోసేటప్పటిది. ఇప్పటి కుర్రాళ్ళలో సగం మందికి మొదటి చరణమే వచ్చు. చూస్తే అమ్మ. చేతిలో దుప్పటి బిగించే కొయ్య పుల్లలు, చూపు తాడు మీద. శ్రుతి లేదు. కానీ రెండో చరణం, మూడో చరణం, ఎక్కడా తడబడలేదు. ఇన్నేళ్ళుగా ఆ పాటలు ఆమె వంటింట్లోకే కదా వచ్చింది.

"గట్టిగా, రఖియా," అంది మహ్జూబా.

"నా గొంతుకు గట్టిగా రాదు. నువ్వందుకో."

మహ్జూబా అందుకుంది. గారెలమ్ముకునే గొంతది, వీధి దాటి వినపడుతుంది. పక్క మిద్దె అందుకుంది, ఆ పక్కది అందుకుంది. ఆ పాట అయిపోగానే అమ్మ ఆగలేదు. "ఈ మెట్లు ఎవరు కట్టారు?" అంది. ఈసారి మాట్లాడినట్టే, అడిగినట్టే అంది. మిద్దెలన్నీ జవాబు చెప్పాయి. కింద వీధుల్లో నిలబడ్డ మగవాళ్ళు, లోపలికి రానివ్వక మూలల్లో తచ్చాడుతున్న కందిరీగలు, గోడకవతల నుంచి అందుకున్నారు. "ఎవరమ్మారు? చెప్పండి, పేరు చెప్పండి."

గోడ అదిరింది. కింద మా అలమరలో గ్లాసులు ఎలా ఉన్నాయో ఎవరు చూశారు.

కాసాబ్లాంకా వాళ్ళు ముందు గోలు కొట్టారు, మా కళ్ళ ముందే. మాది అటు వైపు పడింది. మాకు కనపడలేదు. పసుపు చొక్కాలు ఒకరి మీద ఒకరు పడుతూ మైదానం మధ్యలోకి ఉరికొస్తే తెలిసింది. ఒకటీ ఒకటి. ఇంకొకటి కావాలి. ఆ ఇంకొకటి రాలేదు. ఆఖరి ఈల పడే ముందే పోలీసులు మా మెట్లెక్కారు.

ఇన్‌స్పెక్టరు వయసులో చిన్నవాడు, ఎక్కీ ఎక్కీ రొప్పుతున్నాడు. "ఎవరిదీ ఆలోచన?"

"నాది," అంది మహ్జూబా.

"నాది," అంది హాజ్జా గన్నూ, ఆ పిరికి మనిషి.

"నాది," అన్నాను నేను. పక్క మిద్దె మీది నుంచి కూడా ఎవరో, "నాది, ఇటొచ్చి నా పేరు కూడా రాసుకో," అన్నారు.

ఆయన చుట్టూ చూసి, జవాద్ తల్లి ఎవరని అడిగాడు. అమ్మ చేతిలో పుల్లలు బుట్టలో వేసి, తలగుడ్డ సర్దుకుని ముందుకొచ్చింది.

నేను వెనకాలే వెళ్ళాను. స్టేషన్‌లో బల్ల మీద జవాద్, వాడితో పాటు నిషేధం పడ్డ ఇంకా కొందరు. అమ్మను చూసి వాడు లేవబోతే కానిస్టేబులు కూర్చోమన్నాడు. అమ్మ వెళ్ళి వాడి పక్కనే కూర్చుంది.

"ఎంత?" అన్నాడు వాడు.

"ఒకటీ ఒకటి."

"పడిపోయాం."

"పడిపోయాం."

వాడు అమ్మ వైపు తిరిగాడు.

"పాట ఎవరెత్తారు? ఇక్కడిదాకా వినపడింది."

"ఎవరో ముసలిది," అంది అమ్మ.

జవాద్ మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు. అమ్మ వాడి వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

బయట ఆడవాళ్ళు తొట్లు బోర్లించుకుని వాటి మీద కూర్చున్నారు. వీధి నిండా. ఎవరూ అరవడం లేదు. మహ్జూబా గారెల మూకుడు కూడా అక్కడికే తెచ్చుకుంది.

పొద్దు వాలుతుండగా ఇన్‌స్పెక్టరు ఒక కాగితం టైపు చేయించి అమ్మ ముందు పెట్టాడు. సంతకం పెట్టి ఇంటికి పొమ్మన్నాడు.

"నాకు చదువు రాదు నాయనా. చదివి వినిపించు."

"ఇలాంటివి మళ్ళీ చేయనని. అంతే."

"అంతేనా, ఇంకేమైనా ఉందా? వేలిముద్ర వేసే ముందు వినాలి కదా. అందరికీ వినపడేలా చదువు, చెవి సరిగా వినపడదు."

ఆయన చదవడం మొదలుపెట్టాడు. "నేను, రఖియా, ఫలానా వారి కుమార్తెను, ఖర్రూబ జట్టు ఆడే రోజులలో నా ఇంటి మిద్దెపై పసుపు రంగు దుప్పట్లు గానీ, నల్లని దుస్తులు గానీ, మరే ఇతర ఉతికిన బట్టలు గానీ ఆరవేయనని..." అక్కడ ఆగాడు. బల్ల మీద ఎవరో ముక్కుతో నవ్వారు. మూలనున్న కానిస్టేబులు కిటికీ వైపు తిరిగిపోయాడు. వాడి భుజాలూ కదులుతున్నాయి.

"చదువు నాయనా," అంది అమ్మ. "లోపలి లాగుల సంగతి రాశారా? నెలలో ఒక ఆదివారం వాన పడితే ఏం చేయాలో రాశారా?"

ఇన్‌స్పెక్టరు కాగితాన్ని రెండుగా మడిచాడు. మళ్ళీ మడిచాడు. "వెళ్ళమ్మా," అన్నాడు. "ఆట అయిపోయింది కదా, మీ అబ్బాయిని కూడా తీసుకెళ్ళండి."

నవ్వుతూ ఇంటికొచ్చాం గానీ, దాని ఖరీదు తర్వాత తెలిసింది. రేవులో జవాద్ పని పోయింది. కారణం చెప్పలేదు, రేపట్నుంచి రావద్దన్నారు. శుభ్రత చాలదని హాజ్జా గన్నూ హమ్మాంకు తాళం పడింది. రంజాన్ దాకా తెరవలేదు. నేను ఇళ్ళకు వెళ్ళి బాలింతల ఒళ్ళు రుద్ది నెట్టుకొచ్చాను. జూలైలో యంత్రాలొచ్చాయి. తూర్పు మెట్లను పగలగొట్టారు. ఒక్కో రాయీ పడుతుంటే మిద్దెల మీద నిలబడి చూశాం. ఎవరూ ఏడవలేదు. మా తాత వీపు పడిపోతున్నట్టుందని అమ్మ మాత్రం ఒకసారి అంది. మెట్లు పోయాయి, హోటలు రాలేదు. ఎవరో కోర్టుకెళ్ళారు, ఎవరి పేరో బయటికొచ్చింది, స్థలం కొన్నాళ్ళు ఎవరిదీ కాకుండా పోయింది. మట్టి దిబ్బ మిగిలింది, మైదానం మిగిలింది.

శరదృతువులో కింది విభాగం ఆటలు మొదలయ్యాయి. మొదటి ఆదివారం ముందు రోజు బువాజ్జా మళ్ళీ గడపలో నిలబడ్డాడు, గేట్లు ఇంకా మూసే ఉంటాయని చెప్పడానికి.

"ఎందుకు మూశారు?" అంది అమ్మ.

"చెప్పాను కదక్కా. మెట్లకు పగుళ్ళు."

"ఏ మెట్లకు?"

బువాజ్జా గొంతు సవరించుకున్నాడు. పైవాళ్ళను అడగాలన్నాడు. పైవాళ్ళు ఏమనుకున్నారో తెలియదు గానీ, ఆదివారం నాడు గేటు దగ్గర ఇద్దరు పోలీసులు నిలబడి ఉన్నారు, ఆపలేదు. కూలిన మెట్ల మట్టి దిబ్బ మీద జనం నిలబడ్డారు. దాని మీద అమ్మ ఇంటి నుంచి తెచ్చుకున్న ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. ఆటకు మొహం పెట్టుకునే కూర్చుంది. పాట ఎత్తేవాడు ఎటు తిరగాలో ఎవరైనా చెప్పబోతే, నాకు తెలుసులే అంది.

ఆ సాయంత్రం జవాద్ స్టేషన్ నుంచి వచ్చి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు.

"రెండో పాట మరీ సాగదీశారు," అన్నాడు. "అది పరుగెత్తాలి. మీరేమో శవం వెనక నడిచినట్టు నడిపించారు."

"అంత తెలిస్తే వచ్చే వారం నువ్వే అందుకో," అంది అమ్మ.

"ఎక్కణ్ణుంచి? స్టేషన్ బల్ల మీద నుంచా?"

"నోరుందా లేదా బల్లకు?"

తర్వాతి ఆదివారం అమ్మ రెండో పాట ఎత్తింది. మొదటి వరుస అయింది, మళ్ళీ సాగుతోంది, నిజమే. రెండో వరుసకు ఊపిరి తీసుకునేంతలో, వీధి చివర నుంచి, ఇళ్ళ మీదుగా ఒక గొంతు వచ్చింది. బొంగురుది, గట్టిది, పరుగెత్తేది. ఆ వెనకే ఇంకొన్ని గొంతులు. గేటు దగ్గర పోలీసులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అమ్మ ఆగి, చెవి ఒగ్గి విని, ఆ వేగం అందుకుంది. మేమంతా ఆ వెనక పరుగెత్తాం.